చిప్‌లో రాగిని ఎందుకు అరగదీస్తారు? ఎలా?

బీదర్‌లో బిద్రీ పనివారు పాత్ర మీద గాడులు చెక్కి, వెండి తీగ దిగగొట్టి, పైకి పొడుచుకొచ్చినదాన్ని ఆకురాయితో అరగదీస్తారు.

చిప్ తయారీలోనూ వరస ఇదే. సిలికాన్ బిళ్ల మీద, కరెంటు పారని పొరలో గాడులు తొలిచి రాగి నింపుతారు. పైన మిగిలిన రాగిని తీసేయకపోతే పక్కపక్క తీగలు కలిసిపోయి షార్టవుతాయి. అందుకే తిరిగే ప్యాడ్ మీద బిళ్లను బోర్లించి, రసాయనాలూ అతిసన్నని రేణువులూ కలిపిన ద్రవం పోస్తారు. రసాయనం రాగి పైపొరను మారుస్తుంది, రేణువులు దాన్ని గీకేస్తాయి. మిట్టలకే ఒత్తిడి ఎక్కువ, అందుకని అవే ముందు అరుగుతాయి. ఎంత చక్కని ఉపాయం!

కానీ పెద్ద రేణువు ఒక్కటి చేరినా గీత పడుతుంది. ఎక్కువసేపు రుద్దితే రాగి గుంటపడుతుంది. అలా ఎగుడుదిగుడైతే, పై పొర నమూనాను ముద్రించే కాంతికి ఫోకస్ కుదరదు. ఈ రాగి తీగల చిప్ పద్ధతిని ఐబీఎం 1997లో ప్రకటించింది.