కొత్తిమీరకి వెలుగు చాలుతోందా? మీ ఫోన్‌నే అడగండి

మా ఫ్లాట్‌లో బాల్కనీ పేరుకే ఉంది. వాషింగ్ మెషీన్ పెట్టాక కుండీకి చోటు మిగల్లేదు. అందుకే వంటింటి గట్టు మీదే కొత్తిమీర పెంచుదామని ఆన్‌లైన్‌లో ఒక స్మార్ట్ గార్డెన్ కిట్ కొన్నా. వైఫై, యాప్, చిన్న ఎల్‌ఈడీ లైటు, అన్నీ కలిపి 4,800 రూపాయలు. పదో రోజుకి మొలకలొచ్చాయి. ఇరవయ్యో రోజుకి దారాల్లా సాగి పక్కకి పడిపోయాయి. యాప్‌లో మాత్రం ఇంకా పచ్చ టిక్కే! వీడియో కాల్‌లో అమ్మ ఒక్కసారి చూసి, "వెలుతురు చాల్లేదురా" అంది.

నా కంటికి బానే కనిపిస్తోంది కదా అనుకున్నా. తప్పు అక్కడే. వెలుగు తగ్గితే కన్ను సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. కొలిచి చూడాలంటే ఆటో బ్రైట్‌నెస్‌ని నడిపే సెన్సార్ మన ఫోన్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్‌లో ఏదైనా లక్స్ మీటర్ యాప్ వేసి, ఆకులున్న ఎత్తులో స్క్రీన్ పైకి ఉండేలా ఫోన్ పెట్టండి. (ఐఫోన్‌లో ఆ సెన్సార్ యాప్‌లకి అందదు, కెమెరాతో అంచనా వేస్తాయి.) ఫోన్‌ని బట్టి అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది, పోల్చుకోడానికి చాలు.

గట్టు మీద 180 లక్స్. కిట్ లైటు కింద 900. మిట్టమధ్యాహ్నం ఎండలో అయితే లక్ష దాకా ఉంటుంది!

ఎలక్ట్రికల్ షాపులో రెండడుగుల తెల్ల ఎల్‌ఈడీ బాటెన్లు రెండు తెచ్చా, ఒక్కోటి 10 వాట్లు. ఆకులకి 15 సెంటీమీటర్ల ఎత్తులో కడితే 10,000 లక్స్ వచ్చింది. 30కి జరిపితే సగానికి పడిపోయింది. అంటే వాట్ల కంటే ముందు దూరం చూసుకోవాలి. స్మార్ట్ ప్లగ్‌తో రోజుకి 12 గంటలు వెలిగిస్తున్నా, నెలకి 7 యూనిట్లు. అంతకంటే ఎక్కువసేపు పెట్టకండి. పగలు పొడవైతే, పైగా వేడి తోడైతే, కొత్తిమీర ఆకు మానేసి పూతకి వెళ్తుంది.

ఒక జాగ్రత్త. లక్స్ అనేది మనిషి కంటికి తగ్గట్టు చేసిన లెక్క. ఊదారంగు గ్రో లైట్ల కింద అది తక్కువ చూపిస్తుంది, నమ్మొద్దు.

ఈసారి ధనియాల్ని రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లా. నలభై ఐదో రోజున మొదటి కోత, ఆ రాత్రి చారులోకే సరిపోయింది. కిట్ యాప్ నిన్న కూడా నోటిఫికేషన్ పంపింది, మొక్క ఆరోగ్యంగా ఉందట. ఆ కుండీ ఖాళీగా ఉంది.