అంబాసిడరూ, మస్టాంగూ

పాత కార్ల గురించి మాట్లాడుకునే హక్కు ఎడిసన్ వాళ్ళకి కొంచెం ఎక్కువే ఉంది. రూట్ 1 పక్కన ఫోర్డ్ కంపెనీ 1948లో తెరిచిన ఫ్యాక్టరీ 2004 దాకా నడిచింది. పక్క ఊరి పేరు మీద దాన్ని మెటచెన్ ప్లాంట్ అనేవారు. 1965 నుంచి కొన్నేళ్ళు మస్టాంగ్ కార్లు అక్కడ కూడా తయారయ్యాయి.

మన వాళ్ళ విందుల్లో ఈ ప్రస్తావన వస్తే మస్టాంగ్‌కి చప్పట్లు, అంబాసిడర్‌కి నవ్వులు. ఈ తీర్పు న్యాయమేనా అని నా సందేహం.

నిజానికి రెండూ అరువు తెచ్చుకున్న ఎముకల మీద లేచినవే. మస్టాంగ్‌కి ఆధారం ఫోర్డ్ వారి చవక కారు ఫాల్కన్. అంబాసిడర్‌కి ఆధారం ఇంగ్లండు నుంచి వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1950ల చివర కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో అది అంబాసిడర్ అయింది.

1964 ఏప్రిల్ 17న మస్టాంగ్ విడుదలైంది. మొదలు ధర 2,368 డాలర్లు. ఇంజను, గేర్లు, పైకప్పు, అన్నీ కొనేవాడి ఇష్టం. పొడుగు ముక్కు, పొట్టి తోక, వెనక సీటు ఇరుకు. ఏడాదిలో నాలుగు లక్షలు దాటి అమ్ముడుపోయాయి. అది నున్నటి రోడ్ల మీద కుర్రకారు కల.

అంబాసిడర్ ఇంజను దాదాపు లీటరున్నర. వెనక సీట్లో కాళ్ళు చాపుకోవచ్చు. గుంతల రోడ్డుకి తట్టుకునేది, ఊళ్ళో మెకానిక్కుకి లొంగేది. మా చిన్నప్పుడు ఊరికి కలెక్టరు గారొచ్చినా, పెళ్ళికొడుకు వచ్చినా అందులోనే.

మరి అది ఎందుకు మారలేదు? లైసెన్సులు, దిగుమతుల మీద ఆంక్షలు ఉన్న రోజులవి. కారు కావాలంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. గుమ్మం ముందు వరసలో జనం నిలబడి ఉంటే ఏ వ్యాపారి సరుకు మెరుగుపరుస్తాడు? ఇక్కడ ఫోర్డ్ కాస్త ఆలస్యం చేస్తే కొనేవాడు ఎదుటి కంపెనీకి పోతాడు. 1983లో మారుతి వచ్చాక మన జనమూ అదే చేశారు. ప్రభుత్వ కార్యాలయాలూ టాక్సీలూ మాత్రం అంబాసిడర్‌ని ఇంకా చాలా కాలం మోశాయి. 2014 మేలో ఉత్పత్తి ఆగిపోయింది.

కనుక రెండు కార్ల మధ్య తేడా ప్రతిభలో కన్నా, అవి పెరిగిన బజారులో ఎక్కువ ఉందని నా అభిప్రాయం. అంబాసిడర్‌ని చూసి నవ్వితే నవ్వవచ్చు గాని, ఆ నవ్వులో సగం ఆ లైసెన్సు విధానానికి చెందాలి.

ఈసారి ఎక్కడైనా 1960ల మస్టాంగ్ కనబడితే, యజమానిని అడిగి దాని సీరియల్ నంబరు చూడండి. మొదటి అంకె తర్వాత ‘టీ’ అన్న అక్షరం ఉంటే అది మన ఊరి బిడ్డే.