ఇంట చేసిన సబ్బులో సుగంధం నిలిచేదెలా?

కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం సమకూర్చుకొని ఇంటనే సబ్బు తయారుచేసుకునే కుటుంబాలు నేడు అనేకం ఉన్నాయి. వారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. అచ్చులో పోసిన నాడు ఇల్లంతా గుబాళించిన సబ్బు, ఆరి వాడకానికి వచ్చేసరికి వట్టి నూనె వాసన వేస్తుంది. విలువైన సుగంధ తైలం ఏమైపోయినట్లు?

ఈ ప్రశ్నకు పలువురు తమకు తామే చెప్పుకునే సమాధానం, "తైలం చాలలేదు, ఈసారి రెట్టింపు పోద్దాం" అని. ఇది సరియైన మార్గం కాదు. ధనవ్యయం ఒక నష్టమైతే, చర్మానికి కలిగే హాని అంతకు మించిన నష్టం. ఒంటిపై దద్దుర్లు, మంట, దురద అంటూ చికిత్సకు వచ్చేవారిని విచారించినప్పుడు, లవంగ తైలమో దాల్చిన తైలమో మితిమీరి కలిపిన ఇంటి సబ్బే కారణమని తేలిన సందర్భాలు ఉన్నాయి.

మన పూర్వులు పరిమళ ద్రవ్యాలను కూర్చే విద్యకు "గంధయుక్తి" అని పేరు పెట్టారు. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో ఈ పేరుతో ఒక అధ్యాయమే ఉన్నది. ఇక్కడ యుక్తి అన్న మాట గమనించదగినది. ఏ ద్రవ్యాన్ని ఎప్పుడు, దేనితో, ఎంత కలపాలో తెలియడమే యుక్తి. కాలం, సంయోగం, మాత్ర అనే ఈ మూడూ కుదిరితే కొద్దిపాటి తైలంతోనే సబ్బు చివరి ముక్క వరకు పరిమళిస్తుంది.

సుగంధం ఎందుకు పోతుంది?

మొదటి కారణం తైలాల స్వభావం. నారింజ, నిమ్మ తొక్కల తైలాలు, నీలగిరి తైలం మిక్కిలి తేలికైనవి. గాలి తగిలితేనే ఆవిరైపోతాయి. వట్టివేళ్లు, శ్రీగంధం, తుంగముస్తల తైలాలు గురుత్వం గలవి. ఇవి మెల్లగా, చాలాకాలం పాటు పరిమళాన్ని విడుస్తాయి.

రెండవది వేడి. నూనె, క్షారం కలిసి సబ్బుగా మారే క్రియలో సహజంగానే ఉష్ణం పుడుతుంది. పెద్ద అచ్చులో పోసి దుప్పటి కప్పితే నడిమి భాగంలో వేడి 70 డిగ్రీల సెంటిగ్రేడు దాటడం కద్దు. ఆ వేడికి తేలిక తైలాలు ఎగిరిపోతాయి.

మూడవది క్షారం. కాస్టిక్ సోడా తీక్ష్ణమైన క్షారం. అది నూనెను విడగొట్టి సబ్బుగా మార్చినట్లే, కొన్ని సుగంధాలలోని అంశాలను కూడా విడగొడుతుంది. మల్లె, లావెండరు పరిమళాలు సబ్బులో క్షీణించడానికి ఇది ముఖ్య కారణం. మల్లెపూలు నానవేసిన నూనెతో సబ్బు చేసినా ఆ వాసన మిగలదు. గులాబీ రేకులు కలిపితే అవి గోధుమరంగుకు మారి సబ్బు రూపును కూడా చెడగొడతాయి.

కాలం: ఎప్పుడు కలపాలి?

తైలపాకంలో మన వైద్యులు పాటించే ఒక పద్ధతి ఉన్నది. కర్పూరం వంటి సుగంధ ద్రవ్యాలను పొయ్యి మీద ఉడుకుతున్న తైలంలో వేయరు. వాటిని చూర్ణం చేసి వేరొక పాత్రలో ఉంచి, పాకం ముగిసి దించిన తైలాన్ని గోరువెచ్చగా ఉండగా ఆ పాత్రలోనికి వడకడతారు. దీనికి పాత్రపాకమని పేరు. గురుకులంలో మాకు మొదట నేర్పిన పాఠాలలో ఇది ఒకటి. వాసన గల ద్రవ్యం చివర చేరాలి.

సబ్బు కర్మాగారాలలో జరిగేది కూడా ఇదే. అక్కడ ముందుగా వాసన లేని సబ్బును తయారుచేసి, ఆరబెట్టి, తునకలుగా చేసిన పిమ్మట సుగంధాన్ని కలిపి మరల యంత్రంలో నూరి బిళ్లలుగా అచ్చొత్తుతారు. అప్పటికి క్షారం తన పని ముగించుకొని ఉంటుంది. బజారు సబ్బు వాసన నిలవడంలోని రహస్యాలలో ఇది ఒకటి.

గృహిణులు దీనిని సులభంగా అనుసరించవచ్చును. వాసన కలపని సబ్బును చేసి, వారం ఆగి, చేతులకు తొడుగులు వేసుకొని కోరాలి. 500 గ్రాముల కోరుకు ఇంచుమించు 100 మిల్లీలీటర్ల నీరు చేర్చి, మరిగే నీటిపై ఉంచిన స్టీలు గిన్నెలో మెత్తని ముద్ద అయ్యేవరకు కరగనివ్వాలి. దించి, వేడి 60 డిగ్రీలకు తగ్గిన తరువాత 10 గ్రాముల సుగంధ తైలం కలిపి అచ్చులలో అదమాలి. మూడు వారాలు ఆరితే సబ్బు సిద్ధం. రూపు కొంత గరుకుగా ఉన్నా పరిమళం బాగా నిలుస్తుంది. కాస్టిక్ సోడా ముట్టడానికి జంకేవారు వాసన లేని సబ్బును కొని తెచ్చి ఇదే విధంగా చేసుకొనవచ్చును.

నేరుగా చేసుకునేవారికి ఒక కొలత: కొబ్బరినూనె 250 గ్రాములు, నువ్వులనూనె 200 గ్రాములు, ఆముదం 50 గ్రాములు, కాస్టిక్ సోడా 75 గ్రాములు, నీరు 160 గ్రాములు. అన్నింటినీ త్రాసులో తూచాలి గాని చెంచాలతో కొలవరాదు. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీరు ఎన్నడూ పోయరాదు. అది ఉవ్వెత్తున పొంగి మీద పడుతుంది. అల్యూమినియం పాత్ర పనికిరాదు. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. పిల్లలను ఆ గదిలోనికి రానీయరాదు. పొరపాటున ఒంటిపై చిందితే వెంటనే ధారాళంగా నీటితో కడగాలి.

సోడా నీరు, నూనెలు రెండూ 40 డిగ్రీలకు చల్లారిన తరువాతనే కలపాలి. మిశ్రమం చిక్కబడి, గరిటెతో పోసిన గీత పైన నిలిచే దశ వచ్చాక సుగంధ తైలం చేర్చాలి. చిన్న చిన్న అచ్చులలో పోయాలి. దుప్పటి కప్పరాదు. తేనె, పంచదార, పాలు కలిపితే వేడి పెరుగుతుంది గనుక పరిమళం కోరేవారు వాటిని మానుకోవడం మేలు.

సంయోగం: దేనితో కలపాలి?

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరుకు ప్రసిద్ధి. అక్కడి సంప్రదాయ పద్ధతిలో పూలను రాగి డేగిసాలో నీటితో కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం ద్వారా భప్కా అనే మరొక పాత్రలోనికి పంపుతారు. ఆ పాత్రలో ముందుగానే శ్రీగంధ తైలం పోసి ఉంచుతారు. ఎగిరిపోయే పూల పరిమళాన్ని ఆ గంధతైలం పట్టి ఉంచుతుంది. తేలిక సుగంధానికి గురు సుగంధం ఆశ్రయమన్నమాట.

సబ్బుకు ఈ సూత్రమే వర్తిస్తుంది. శ్రీగంధ తైలం నేడు సామాన్యులకు అందని ధరలో ఉన్నది. దాని స్థానంలో వట్టివేళ్లు, తుంగముస్తలు, దేవదారు, పచౌలి తైలాలలో ఏదైనా గ్రహించవచ్చును. గులాబీని తలపించే వాసన కోరేవారు పామరోజా గడ్డి తైలాన్ని వాడవచ్చును. ఇది క్షారానికి చక్కగా ఓర్చుకుంటుంది. నిమ్మ వాసన కోరేవారికి నిమ్మతొక్క తైలం కన్న నిమ్మగడ్డి తైలం మెరుగు. అయితే అది కొందరి చర్మానికి పడదు గనుక స్వల్పంగానే వాడాలి.

పై కొలతకు తగిన ఒక యోగం: పామరోజా 5 గ్రాములు, దేవదారు 4 గ్రాములు, వట్టివేళ్ల తైలం 2 గ్రాములు, పచౌలి 1 గ్రాము. వీటిని ముందుగానే ఒక రంగు గాజుసీసాలో కలిపి, బిగుతుగా మూతపెట్టి, చీకటిలో వారం రోజులు ఉంచితే వాసనలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. సబ్బులో కలిపే ముందు రెండు చెంచాల ముల్తానీ మట్టిలో ఈ తైలాన్ని మెదిపి చేర్చే అలవాటు కొందరికి ఉన్నది. మట్టి తైలాన్ని పీల్చుకొని మెల్లగా విడుస్తుంది.

మాత్ర: ఎంత కలపాలి?

నూనెల బరువులో నూటికి 3 పాళ్లు మించరాదు. 500 గ్రాముల నూనెలకు 15 గ్రాములు పరమావధి. లవంగం, దాల్చిన తైలాలు తీక్ష్ణమైనవి. ఇంటి సబ్బులో వాటిని మానుకోవడమే ఉత్తమం. శిశువులకు వాడే సబ్బులో ఏ సుగంధ తైలమూ, కర్పూరమూ కలపరాదు. గర్భిణులు, ఉబ్బసం, గజ్జి, తామర ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే వాడరాదు. కొత్త సబ్బును ముందుగా మోచేతి లోపలి వైపు రుద్ది కడిగి, రెండు రోజులు గమనించాలి. ఎరుపు, దురద కలుగకపోతేనే ఒంటికి వాడాలి.

ఆరబెట్టుట, భద్రపరచుట

నేరుగా చేసిన సబ్బు నాలుగు నుండి ఆరు వారాలు ఆరాలి. ఎండలోను, ఫ్యాను గాలి సూటిగా తగిలే చోటను పెట్టరాదు. నీడలో, గాలి ఆడే అరపై ఎడంగా పేర్చి వారానికొకసారి తిప్పాలి. పూర్తిగా ఆరాక పలుచని కాగితంలో చుట్టి, మూత గల రేకు డబ్బాలో భద్రపరచాలి. డబ్బా అడుగున నాలుగు వట్టివేళ్లు పరిస్తే మరీ మంచిది. స్నానాల గదిలో సబ్బు నీటిలో నానుతూ ఉంటే పరిమళంతోపాటు సబ్బే కరిగిపోతుంది. చిల్లుల పెట్టెలో ఉంచాలి.

ఇంత చేసినా ఇంటి సబ్బు బజారు సబ్బు వలె గది నిండా ఘుమఘుమలాడదు. ఆడనవసరమూ లేదు. చేతిలో నురుగు కట్టినప్పుడు మృదువుగా తోచి, ఒళ్లు తుడుచుకున్న కొద్దిసేపటి వరకు చర్మంపై లీలగా నిలిచే పరిమళం చాలును. చర్మానికి హాని చేయని మాత్రలో అంతవరకే నిలుస్తుంది. అంతకు మించి కోరి తైలం గుమ్మరిస్తే ముక్కుకు కలిగే సంతోషానికి చర్మం మూల్యం చెల్లించవలసి వస్తుంది.