గేర్లు మార్చే నూనె

బస్సులో డ్రైవరు పక్క సీటులో మీరెప్పుడైనా కూర్చున్నారా? వేగం మారినప్పుడల్లా ఆయన ఎడమకాలితో క్లచ్చి తొక్కి, ఎడమచేత్తో గేరురాడ్డు జరుపుతుంటాడు. ఆటోమేటిక్ గేరుపెట్టె ఉన్న కార్లలో క్లచ్చి పెడలే ఉండదు. గేర్లు వాటంతట అవే మారతాయి. 1939లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం "హైడ్రామాటిక్" అనే ఇటువంటి గేరుపెట్టెను ప్రవేశపెట్టింది. ఇందులో గేర్లు మార్చే బలం ఎవరిదో తెలుసా? నూనెది!

మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ సూత్రంలో చదువుకున్నారు కదా! గేరుపెట్టెలో పలుచని క్లచ్చి బిళ్లలు వరుసగా ఉంటాయి. నూనె ఒక పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ ఆ బిళ్లలను ఒకదానికొకటి అదిమి పడుతుంది. అవి కలిసి తిరగగానే గేరు పడుతుంది. పిస్టన్ వైశాల్యం 100 చ.సెం.మీ., నూనె పీడనం చ.సెం.మీ.కు 5 కి.గ్రా. అనుకుందాం. అప్పుడు బిళ్లలపై పడే బలం 500 కి.గ్రా. బరువుకు సమానం!

ఇక్కడొక చిక్కు ఉంది. నూనెను తోడే పంపును తిప్పేది ఇంజనే. కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 700 చుట్లు తిరుగుతుంది. జోరుమీద ఉన్నప్పుడు 4,000 దాటవచ్చు. పంపు తోడే నూనె కూడా అలాగే పెరుగుతుంది. పీడనం హద్దుమీరితే గేరు పడినప్పుడల్లా కారు కుదుపుతుంది, ఇంజను శక్తి వృథా అవుతుంది. పీడనం చాలకపోతే బిళ్లలు జారి, ఒరుసుకొని, మాడిపోతాయి.

దీనికి ఉపాయం మీ వంటింట్లోనే ఉంది. ప్రెషర్ కుక్కరులో ఆవిరి ఎక్కువైతే మూతమీది బరువును ఎత్తి బయటికి పోతుంది. పీడనం తగ్గగానే బరువు మళ్లీ కూర్చుంటుంది.

గేరుపెట్టెలో బరువుకు బదులు స్ప్రింగు ఉంటుంది. దారపు కండె ఆకారంలో ఉన్న చిన్న కవాటం ఒక గొట్టంలో అటూ ఇటూ జరుగుతుంది. దాని ఒక చివరను పంపునుంచి వచ్చే నూనె నెడుతుంది. రెండో చివరను స్ప్రింగు నెడుతుంది. నూనె పీడనం పెరిగితే కవాటం స్ప్రింగు వైపు జరిగి ఒక దారి తెరుస్తుంది. మిగులు నూనె ఆ దారిన వెనక్కు పోతుంది. పీడనం తగ్గితే స్ప్రింగు కవాటాన్ని నెట్టి దారి మూస్తుంది. రెండు బలాలూ సమానమైనచోట కవాటం నిలుస్తుంది.

అయితే కుక్కరు బరువు ఎప్పుడూ ఒకటే. కారు సంగతి అలా కాదు. ఘాటురోడ్డు ఎక్కేటప్పుడు డ్రైవరు యాక్సిలరేటరు గట్టిగా తొక్కుతాడు. ఇంజను బిళ్లలను మరింత బలంగా తిప్పబోతుంది. అవి జారకుండా ఉండాలంటే ఇంకా గట్టిగా అదమాలి. అందుకని మరో కవాటం కొంత నూనెను స్ప్రింగు ఉన్న వైపుకు పంపుతుంది. స్ప్రింగుకు తోడు దొరికింది! ఇప్పుడు దారి తెరుచుకోవాలంటే ఎక్కువ పీడనం కావాలి. పాత కార్లలో ఈ రెండో కవాటాన్ని యాక్సిలరేటరుకు కట్టిన తీగవంటి ఏర్పాట్లు నడిపేవి. నేటి కార్లలో కంప్యూటరు ఆజ్ఞతో విద్యుత్ కవాటం ఆ పని చేస్తుంది.

చివరగా ఒక ప్రశ్న. ఆ స్ప్రింగు విరిగిపోతే ఏమవుతుంది? కవాటాన్ని ఎదురు నెట్టేవారుండరు. నూనె దాదాపు అంతా వెనక్కు పోతుంది. ఇంజను ఎంత హోరెత్తినా కారు సరిగా కదలదు. కారణం మీకిప్పుడు తెలుసు. మీ నేస్తాలకు చెప్పండి!