రేసు కారు చక్రాలు సూటిగా ఎందుకుండవు?



ఫార్ములా వన్ కారు ముందు చక్రాలు రెండూ సూటిగా ముందుకే చూస్తాయని మనం అనుకుంటాం. కాని పైనుంచి చూస్తే వాటి ముందు అంచులు రవ్వంత బయటికి తిరిగి ఉంటాయి. దీన్ని టో-అవుట్ అంటారు.

ఇది మలుపు కోసం. థింసాలో వరస తిరిగేటప్పుడు చూడండి. లోపలి చివరనున్న పిల్లది చిన్న చుట్టు, బయటి చివరనున్న పిల్లది పెద్ద చుట్టు. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రానిది కూడా చిన్న చుట్టే. అందుకని అది రెండోదానికంటే ఎక్కువ తిరగాలి. ముందే కొంచెం బయటికి తిరిగి ఉంటే మలుపు తొందరగా అందుకుంటాది.

తిన్నని రోడ్డు మీద మాత్రం ఇదే చేటు. కారు ముందుకి పోతాది, చక్రమేమో పక్కకి పోదామంటాది. అందువల్ల టైరు రోడ్డుకి రాసుకుంటూ ఈడ్చుకుపోతాది. చింతగింజని బండకి రుద్ది పక్కవాళ్ళ చేతికి అంటిస్తే ఎలా చురుక్కుమంటాదో మన హాస్టల్లో అందరికీ తెలుసు (వార్డెన్ గారికి కూడా తెలుసు). ఇదీ ఆ రాపిడే. టైరు లోపలి అంచు ముందుగా వేడెక్కి, ముందుగా అరుగుతాది.

సంతకి పోయే జీపుల్లో కూడా ఇది ఉంటాది. బయటికి టైరు బాగానే కనబడతాది. వంగి లోపలి అంచు చూస్తే నున్నగా ఉంటాది. చక్రాల అలైన్‌మెంటు తప్పితే అలా అవుతాది. వానలో ఘాటీ దిగేటప్పుడు జీపునిండా ఉన్న జనాన్ని ఆ నున్నటి టైరే ఆపాలి.

మరి రేసు టైరుకి వేడి వద్దా? కావాలి. సుమారు 100 డిగ్రీల దగ్గర ఆ రబ్బరు రోడ్డుని బాగా పట్టుకుంటాది. చల్లారితే జారుతాది, మరీ కాగినా జారుతాది.

మెర్సిడెస్ ఇంజనీర్లు దీనికొక ఉపాయం కనిపెట్టారు. 2020 ఫిబ్రవరిలో బార్సిలోనా దగ్గర పరీక్షల్లో లూయిస్ హామిల్టన్ తిన్నని దారిలో స్టీరింగుని తన వైపు లాగాడు. ముందు చక్రాలు రెండూ సూటిగా అయ్యాయి. మలుపు ముందు మళ్ళీ లోపలికి నెట్టాడు, చక్రాలు ఎప్పటిలా బయటికి తిరిగాయి. దీని పేరు డ్యూయల్ యాక్సిస్ స్టీరింగ్, పొట్టిగా డాస్. సేఫ్టీ కారు వెనక నెమ్మదిగా పోయేటప్పుడు టైర్లు చల్లారిపోతాయి గదా, అప్పుడు కూడా ఇలా కోణం మార్చి ముందు టైర్లకి వేడి పుట్టించుకునేవారు.

ఆ జూలైలో ఆస్ట్రియా పోటీ దగ్గర రెడ్ బుల్ జట్టు ఫిర్యాదు చేసింది. ఇది స్టీరింగు కాదు, సస్పెన్షన్ని నడుస్తుండగా మార్చడమే అని వాళ్ళ వాదన. అధికారులు ఒప్పుకోలేదు, స్టీరింగులో భాగమే అన్నారు. నాకూ అదే న్యాయం అనిపించింది, ఎందుకంటే వద్దని అప్పటి నియమాల్లో లేదు.

ఆ ఏడాది 17 పోటీల్లో 13 మెర్సిడెస్ గెలిచింది. అదంతా డాస్ వల్లే అనలేం, ఆ కారు ఇంజను కూడా బలమైనదే. 2021 నియమాల్లో మాత్రం స్టీరింగు తిప్పితేనే ముందు చక్రాల దిక్కు మారాలని రాశారు. లాగడం, నెట్టడం దాంతో ఆగిపోయింది.