జిరాక్స్ మిషన్ అంకెల గుట్టు

ఆఫీసుకు కాపీయర్ కొనబోతే చేతికిచ్చే కాగితం నిండా అంకెలే. ప్రతి అంకెకూ ఓ షరతుంటుంది.

● 1959లో వచ్చిన జిరాక్స్ 914కు ఆ పేరు కాగితం కొలత వల్ల వచ్చింది. 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు వరకు కాపీ తీసేది. బరువు సుమారు 294 కిలోలు! లోపలి వేడికి కాగితం అంటుకునే ప్రమాదం ఉండటంతో మంటలార్పే సాధనాన్నీ జతచేసి ఇచ్చేవారు.

● ‘25 పీపీఎం’ అంటే నిమిషానికి 25 ఏ4 పేజీలు. ఏ3 పెడితే ఆ వేగం బాగా తగ్గుతుంది. పైగా టోనర్‌ను కరిగించి కాగితానికి అతికించే ఫ్యూజర్ ముందు వేడెక్కాలి. అప్పుడొకటి ఇప్పుడొకటి కాపీ తీసే ఆఫీసు పీపీఎం కన్నా ‘వార్మప్ టైమ్’, ‘ఫస్ట్ కాపీ టైమ్’ చూసుకోవడం మేలు.

● టోనర్ సిరా కాదు, మెత్తటి ప్లాస్టిక్ పొడి. ‘10 వేల పేజీలు వస్తాయి’ అన్న లెక్క సాధారణంగా పేజీలో 5 శాతమే నలుపు పడుతుందని వేసుకున్నది. ఫొటోలున్న పేజీలు తీస్తే టోనర్ చాలా ముందే అయిపోతుంది.

● ‘డ్యూటీ సైకిల్’ అంటే యంత్రం నెలలో తట్టుకోగల గరిష్ఠ పని. ప్రతి నెలా అంత పని చెప్పమని కాదు. సిఫార్సు చేసే నెలవారీ సంఖ్య అందులో చిన్న భాగమే.

● ఏ3ని ఏ4కు కుదిస్తే 50 శాతం కాదు, 71 శాతం. పొడవు, వెడల్పు రెండూ 71 శాతానికి తగ్గితే వైశాల్యం సగమవుతుంది. తిరిగి పెంచాలంటే 141 శాతం.

● రెండు వైపులా అచ్చున్న కాగితాన్ని ‘ఆర్‌ఏడీఎఫ్’ రకం ఫీడర్ తిప్పి మళ్లీ లోపలికి లాగుతుంది. ‘సింగిల్ పాస్’ ఫీడర్‌లో స్కానర్లు రెండు. రెండు పక్కలనూ ఒకేసారి చదివేస్తాయి.

● పెద్ద కాపీయర్లలో చాలావాటికి హార్డ్ డిస్క్ ఉంటుంది. తీసిన పత్రాల బొమ్మలు అందులో మిగిలిపోవచ్చు. అద్దె మిషన్‌ను వెనక్కి పంపేముందు ఆ డిస్క్‌ను చెరిపించుకోవాలి.

● ‘80 జీఎస్‌ఎం’ అంటే చదరపు మీటరు కాగితం బరువు 80 గ్రాములు. 16 ఏ4లు కలిస్తే ఒక చదరపు మీటరు. కాబట్టి ఒక్కో షీటు 5 గ్రాములు, 500 షీట్ల రిమ్ము రెండున్నర కిలోలు. 75 జీఎస్‌ఎం అయితే సుమారు 2.34 కిలోలు. రిమ్ము మీద ఏం అచ్చేసినా తక్కెడలో పెడితే తెలిసిపోతుంది.