గ్యాలరీ గోడకెక్కితే దశ తిరిగినట్టేనా?

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో నేషనల్ గ్యాలరీ ఉంది. ప్రభుత్వ సొమ్ముతో నడుస్తుంది, సొంత సేకరణ చూడటానికి టికెట్ లేదు. అబొరిజినల్, టారెస్ జలసంధి దీవుల ప్రజల కళ ప్రపంచంలో ఎక్కువగా పోగుపడి ఉన్న చోట్లలో అదొకటి. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మనవాళ్లు కాన్‌బెర్రా కూడా చుట్టి వస్తుంటారు. పార్లమెంటు ముందు ఫొటో దిగి, గ్యాలరీలో ఓ గంట తిరిగి, "ఆదివాసీలను ఎంత బాగా చూసుకుంటున్నారో" అనుకుంటూ బయటపడతారు. ఆ మాట పూర్తిగా అబద్ధమేం కాదు. అయితే దాని చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ: గ్యాలరీ లక్షల డాలర్లు పోసి కొన్నదంటే ఆ డబ్బు కళాకారుడి ఇంటికే చేరుతుంది.

వాస్తవం: ఆ గ్యాలరీలోని 'వార్లుగులాంగ్' కథ వినండి. మధ్య ఆస్ట్రేలియా ఎడారికి చెందిన క్లిఫర్డ్ పోసమ్ జాపల్జారి 1977లో వేసిన పెద్ద కాన్వాస్ అది. అందులో ఒక పురాణగాథ ఉంది. ఇద్దరు కొడుకులు పవిత్రమైన కంగారూను చంపి, తండ్రికి వాటా పెట్టకుండా తినేస్తారు. ఆగ్రహించిన తండ్రి కార్చిచ్చు రగిలిస్తాడు. ఆ మంటల్లో పోయిన కొడుకుల అస్థిపంజరాలు బొమ్మలో ఒక పక్కన కనిపిస్తాయి. మిగతా కాన్వాస్ మీద ఇంకెన్నో గాథల దారులు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. చూడటానికి చుక్కల బొమ్మే గానీ, నిజానికి అది వాళ్ల నేల పటం.

ఒక బ్యాంకు దాన్ని 1,200 డాలర్లకు కొని తన శిక్షణ కేంద్రం క్యాంటీన్ గోడకు తగిలించింది. 1996 వేలంలో 39,600 డాలర్లు పలికింది. 2007లో మళ్లీ వేలానికి వస్తే నేషనల్ గ్యాలరీ 24 లక్షల డాలర్లకు పాడుకుంది. ఆ సొమ్మంతా అప్పటి యజమానిది, వేలం సంస్థది. చిత్రకారుడు 2002లోనే కన్నుమూశాడు. మారు అమ్మకంలో కళాకారుడికి గానీ వారసులకు గానీ వాటా ఇవ్వాలన్న చట్టం అప్పటికి ఆస్ట్రేలియాలో లేదు.

ఆ చట్టం 2010 జూన్ 9న అమల్లోకి వచ్చింది. వెయ్యి డాలర్లు, అంతకు మించిన మారు అమ్మకాల్లో 5 శాతం కళాకారుడిది. చనిపోయాక 70 ఏళ్ల దాకా వారసులది. 24 లక్షల మీద 5 శాతమంటే లక్షా ఇరవై వేలు. అంటే తొలి అమ్మకం ధరకు సరిగ్గా వంద రెట్లు. పాత చిత్రాల విషయంలో ఒక మెలిక ఉంది. చట్టం వచ్చాక వాటి మొదటి చేతి మార్పిడికి ఈ వాటా వర్తించదు.

అందుకే గ్యాలరీ ఎంతకు కొన్నదన్న దానికన్నా ఎవరి దగ్గర కొన్నదన్నది ముఖ్యం. ఎడారి పల్లెల్లో, ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో ఆదివాసీలే యజమానులుగా ఉన్న ఆర్ట్ సెంటర్లు ఉన్నాయి. 1972లో మొదలైన పపున్యా తులా అలాంటి సంస్థే. వీటి ద్వారా కొంటే సాధారణంగా ధరలో సగం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే కళాకారుడి చేతికి వస్తుంది. మిగిలింది కాన్వాసులకు, రంగులకు, సిబ్బంది జీతాలకు పోతుంది. వేలంపాటలో పోసే కోట్ల కంటే ఈ తొలి కొనుగోలే ఊళ్లో పొయ్యి వెలిగిస్తుంది.

అపోహ: ఆదివాసీలతో పని చేయించడం గ్యాలరీ చేసే దానధర్మం.

వాస్తవం: దానం ఎలా ఉంటుందో ఆ దేశం ఒకసారి చూపించింది. 1966లో విడుదలైన కొత్త ఒక డాలరు నోటు మీద ఆర్నెమ్ ల్యాండ్ చిత్రకారుడు డేవిడ్ మలాంగి చెట్టు బెరడుపై వేసిన బొమ్మను వాడుకున్నారు. ఆయన్ను అడగలేదు. సంగతి బయటపడ్డాక రిజర్వ్ బ్యాంకు గవర్నరు ఆయనకు వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను పెట్టె ఇచ్చాడు. దేశమంతా జేబుల్లో పెట్టుకు తిరిగిన బొమ్మకు గాలం సామాను!

ఇరవై రెండేళ్ల తర్వాత అదే మలాంగి మరో పనిలో కనిపిస్తాడు. 1988లో, తెల్లవారి వలస మొదలై 200 ఏళ్లయిందని ఆస్ట్రేలియా పండగ చేసుకుంటోంది. ఆదివాసీ క్యురేటర్ జాన్ మండైన్ ఆలోచనతో రామిన్‌గినింగ్ ప్రాంతానికి చెందిన 43 మంది కళాకారులు 200 బోలు దుంగలకు రంగులద్దారు. ఏడాదికొకటి. చెదలు తొలిచేసిన ఆ చెట్టు బోదెల్లో, అంత్యక్రియల తంతు చివర చనిపోయినవారి ఎముకలు ఉంచడం అక్కడి ఆచారం. భూమి కోసం పోరాడి ప్రాణాలు పోగొట్టుకుని, దహనానికో ఖననానికో నోచుకోని వాళ్లందరికీ ఇది స్మారకం. ఒక్కో వంశం తన ముద్రలు తానే వేసింది. దుంగల నడుమ వదిలిన దారి ఆ ప్రాంతపు గ్లైడ్ నదిని తలపిస్తుంది. సందర్శకులు ఆ నది వెంటే నడుస్తారు. దీనికి డబ్బు పెట్టి కొన్నది నేషనల్ గ్యాలరీయే. ప్రభుత్వ సొమ్ముతో ప్రభుత్వ పండగకే ఎదురుచెప్పిన పని అది. దీన్ని దానమనడం కళాకారులను చిన్నబుచ్చడమే.

అపోహ: సంప్రదాయ బొమ్మలు అందరివీ. ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: పెర్త్‌కు చెందిన ఒక కంపెనీ అలాగే అనుకుంది. ఆదివాసీ చిత్రాలను కాపీ చేసి వియత్నాంలో కార్పెట్లు నేయించింది. ఆ చిత్రాల్లో కొన్ని నేషనల్ గ్యాలరీ సదుద్దేశంతోనే అచ్చువేసిన పుస్తకంలోవి. అంటే గ్యాలరీ ఇచ్చిన ప్రచారమే దొంగకు దారి చూపింది. యిర్కలా గ్రామానికి చెందిన బందుక్ మరికా వేసిన పవిత్ర జలాశయం బొమ్మ కూడా కార్పెట్ అయిపోయింది. తమ వంశం కాపాడుకోవాల్సిన గాథను జనం కాళ్లతో తొక్కడం ఒక బాధ. దాన్ని బయటికి వదిలినందుకు వంశ పెద్దలకు జవాబు చెప్పుకోవాల్సింది తానే కావడం ఇంకో బాధ. బొమ్మ వేసే హక్కు ఇచ్చింది వాళ్లే కదా.

8 మంది కళాకారుల తరఫున నడిచిన ఆ కేసులో ఫెడరల్ కోర్టు 1994లో తీర్పు ఇచ్చింది. లక్షా ఎనభై ఎనిమిది వేల డాలర్ల నష్టపరిహారం, అందులో సాంస్కృతికంగా జరిగిన హానికి కూడా లెక్క కట్టారు. అయినా నకిలీల బెడద తీరలేదు. 2019–20లో ఆదివాసీ శైలి సావనీర్ల మీద జనం పెట్టిన ఖర్చులో సగానికి పైగా అసలు ఆదివాసీలు చేయని సరుకుకే పోయిందని అక్కడి ప్రభుత్వ కమిషన్ తేల్చింది.

అపోహ: ప్రజల సొమ్ముతో కొన్నాక అన్నీ ప్రజలకు చూపించాల్సిందే.

వాస్తవం: 1971–72లో ఎడారి ఊరు పపున్యాలో తొలిసారి పలకల మీద వేసిన బొమ్మల్లో, దీక్ష తీసుకున్న మగవాళ్లు మాత్రమే చూడదగ్గవి కొన్ని బయటపడ్డాయి. ఇతర ఆదివాసీ సమూహాలు మండిపడ్డాయి. డార్విన్‌లోని మ్యూజియం 2017లో తన దగ్గరున్న ఆ పలకలతో ప్రదర్శన పెట్టినప్పుడు పెద్దలను సంప్రదించి కొన్నింటిని బయటికి తీయనే లేదు. కొని దాచి, చూపించకపోవడం వృథా అని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గర్భగుడిలోకి అందరినీ రానివ్వని దేశంలో పుట్టినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాకూడదు.

నిర్ణయించేవాళ్లూ మారుతున్నారు. నేషనల్ గ్యాలరీ 2007లో 'ట్రయెనియల్' పేరుతో మొదలుపెట్టిన ఆదివాసీ కళా ప్రదర్శనల వరుసలో తొలిదానికి క్యురేటర్ ఆదివాసీ అయిన బ్రెండా క్రాఫ్ట్. డెబ్బై దాటాక కాన్వాస్ పట్టిన ఎమిలీ కామ్ ఇంగ్వారే చిత్రాలతో 2023 డిసెంబరులో పెట్టిన ప్రదర్శనను ఇద్దరు ఆదివాసీ మహిళలు, కెలీ కోల్, హెట్టీ పెర్కిన్స్ రూపొందించారు. 2025లో ఎమిలీ చిత్రాలు లండన్ టేట్ మోడర్న్‌కూ వెళ్లాయి.

అపోహ: ఆస్ట్రేలియా ఆదివాసీ కళ అంటే చుక్కలే.

వాస్తవం: చుక్కలది ఎడారి శైలి. ఆర్నెమ్ ల్యాండ్ వాళ్లు బెరడు మీద సన్నని అడ్డగీతల అల్లిక వేస్తారు.

అపోహ: ప్రభుత్వ గ్యాలరీలో ఉందంటే సక్రమంగా వచ్చినట్టే.

వాస్తవం: ఇది మనకూ తగిలిన సంగతే. తమిళనాడులోని శ్రీపురందన్ గుడి నుంచి దొంగలెత్తుకుపోయిన నటరాజును ఈ గ్యాలరీయే 2008లో 50 లక్షల అమెరికన్ డాలర్లకు పైగా పోసి కొన్నది. 2014లో తిరిగి ఇచ్చింది. 2016లో తిరిగొచ్చిన వాటిలో బుద్ధుణ్ని కొలిచే భక్తుల సున్నపురాయి శిల్పం ఒకటుంది. అది ప్రకాశం జిల్లా చందవరం స్తూపానిది, క్రీస్తుశకం మూడో శతాబ్దపుది. సొంత గడ్డ మీది ఆదివాసీలను అడగడం నేర్చుకుంటున్న సంస్థే పరాయి దేశపు శిల్పం కొనేటప్పుడు అడగాల్సినంత అడగలేదు.

చివరిగా మన చిత్రకారులకు, హస్తకళాకారులకు ఒక మాట. మన కాపీరైట్ చట్టంలోనూ 53ఎ అనే సెక్షన్ ఉంది, 1994 సవరణలో చేర్చారు. చిత్రమో శిల్పమో పదివేల రూపాయలకు మించి మళ్లీ అమ్ముడుపోతే దాన్ని చేసినవాళ్లకు, లేదా వారసులకు వాటా రావాలని అది చెబుతుంది. ఆ వాటా 10 శాతం దాటకూడదు. మొదటిసారి అమ్మినప్పుడే బొమ్మ ఫొటో, తేదీ, కొన్నవారి వివరాలతో రసీదు రాయించి దాచుకోండి. రేపు వాటా అడగాల్సి వస్తే ముందు చూపించాల్సింది ఆ కాగితమే.